క్రికెట్ ఆడే పిల్లలకు బేస్‌బాల్ బ్యాటింగ్ నేర్పడం ఎలా?

మా టీమ్‌లో ఒక పిల్లాడు శుక్రవారం ప్రాక్టీసులో 10 బంతులు వేస్తే 8 కొట్టాడు. మర్నాడు టోర్నమెంటులో మూడుసార్లు బ్యాటింగుకు వెళ్లి మూడుసార్లూ స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులు పడి ఔట్) అయ్యి వచ్చాడు. వాడి మొహం చూడలేక నేను వాటర్ బాటిల్ మూత తిప్పుకుంటూ కూర్చున్నా.

తప్పు వాడిది కాదు. శుక్రవారం నేను వేసిన బంతులన్నీ ఒకే వేగంతో, ఒకే చోటికి, నడుం ఎత్తులో వెళ్లాయి. మధ్యమధ్యలో "మోచెయ్యి ఎత్తు, భుజం తిప్పు, తల కదపకు" అంటూనే ఉన్నా. నేను వేసినంతసేపు, చెప్పినంతసేపు కొట్టాడు. శనివారం బంతి వేసింది వేరేవాడు, చెప్పేవాడు ఎవడూ లేడు.

ఈరోజు బాగా కొట్టడం వేరు, నేర్చుకోవడం వేరు. పిల్లాడు నేర్చుకున్నాడా లేదా అన్నది వారం తర్వాత మొదటి బంతికి తెలుస్తుంది. బీఈడీలోనో బీపీఈడీలోనో మనం పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయిన లెర్నింగ్ థియరీలు ఈ తేడా గురించి చాలానే చెప్పాయి. వాటిని గ్రౌండ్‌లోకి ఎలా తేవాలో చెబుతాను. హైదరాబాద్ స్కూల్లో పీఈటీగా చేస్తూ, "సార్, ఈ ఏడాది బేస్‌బాల్ టీమ్ కూడా పంపాలి" అని పైనుంచి మాట రాగానే మూడు బ్యాట్లు, ముప్పై మంది పిల్లలతో గ్రౌండ్‌లో నిలబడ్డవాళ్ల కోసం ఇది. పిల్లల వయసు 10 నుంచి 14 అనుకుందాం. క్రికెట్ అందరికీ వచ్చు, బేస్‌బాల్ ఎవరూ చూసి ఉండరు.

మొదటి రోజు: వాళ్లకేం వచ్చో చూడండి

థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1901లోనే ఒక మాట చెప్పారు: పాత పనికీ కొత్త పనికీ మధ్య ఏ అంశాలు ఒకటేగా ఉంటాయో, ఆ మేరకే పాత నేర్పు కొత్తదానికి పనికొస్తుంది. కాబట్టి మొదటి రోజు ఏమీ నేర్పకండి. బ్యాట్ ఇచ్చి, టెన్నిస్ బంతిని కింది చేత్తో మెల్లగా వేసి, "కొట్టు" అని పక్కన నిలబడి చూడండి.

మీకు కనిపించేది ఇది. సగం మంది బ్యాట్‌ను నేలకు ఆనించి నిలబడతారు. బంతి పిచ్ అయ్యేదాకా ఆగుదామనుకుని ఆలస్యం చేస్తారు. కొట్టాక బ్యాట్ పట్టుకునే పరుగెత్తుతారు, లేదా పరుగెత్తాలా వద్దా అని మీ మొహం చూస్తారు. ఒకడు మాత్రం తప్పకుండా ప్యాడ్ల మీదకు వచ్చిన బంతిని ఫ్లిక్ చేసినట్టు చేసి "ఫోర్ సార్!" అంటాడు.

ఆ ఫ్లిక్ దగ్గర ఆగాలి. మన ఊరి క్రికెట్ అంటేనే మణికట్టు. అజహరుద్దీన్, లక్ష్మణ్ ఆడిన ఊరు ఇది. ఇక్కడ పిల్లల చేతుల్లో ఆ తిప్పడం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. క్రికెట్‌లో స్క్వేర్ లెగ్ మీదుగా పోయి ఈల వేయించే ఆ షాట్ బేస్‌బాల్‌లో ఫౌల్, అంటే హద్దు బయటికి పోయిన బంతి. లేట్ కట్ కూడా ఫౌలే. బంతి పోవాల్సింది బ్యాటర్ ముందు చెరో పక్కకు పోయే రెండు బేస్‌లైన్ల మధ్య ఉన్న 90 డిగ్రీల జాగాలోకి. పైగా బ్యాట్ బంతికి తగలకముందే మణికట్టు తిరిగిపోతే బంతి గాల్లోకి లేవకుండా ఇన్‌ఫీల్డర్ (దగ్గరి ఫీల్డర్) కాళ్ల దగ్గరికి దొర్లుతుంది. అలాగని పిల్లాడితో "నువ్వు నేర్చుకున్నది తప్పు" అనకండి. "ఆ తిప్పడం బంతి తగిలాక చెయ్యి" అంటే చాలు.

పనికొచ్చేవీ ఉన్నాయి. షార్ట్ బాల్‌కో ఫుల్‌టాస్‌కో పుల్ షాట్ ఆడగల పిల్లాడికి బేస్‌బాల్ స్వింగ్ సగం వచ్చినట్టే. "ప్రతి బంతీ ఫుల్‌టాసే అనుకో, మిడ్‌వికెట్ నుంచి ఎక్స్‌ట్రా కవర్ దాకా ఎటైనా కొట్టు" అనండి, వెంటనే అర్థమవుతుంది. దసరా సెలవులకు ఊరెళ్లి చిర్రగోనె ఆడి వచ్చే పిల్లలు ఇంకా తొందరగా అందుకుంటారు. గాల్లోకి లేచిన చిర్రను గాల్లోనే కొట్టాలి కదా.

కుడిచేతి ఆటగాడి కుడి చేతిని క్రికెట్‌లో బాటమ్ హ్యాండ్ అంటాం. బేస్‌బాల్‌లో బ్యాట్ పైకి ఎత్తి పట్టుకుంటారు కాబట్టి అదే చెయ్యి టాప్ హ్యాండ్ అవుతుంది. చేతుల వరుస మారదు, పేరే తిరగబడుతుంది. ఈ సంగతి చెప్పకుండా "టాప్ హ్యాండ్ గట్టిగా పట్టు" అని నేనొక వారం అరిచాను. పిల్లలు ఎడమ చెయ్యి బిగించుకుని అవస్థపడ్డారు.

చూపించండి, నోరు కట్టేసుకోండి

ఫిట్స్, పోస్నర్ 1967లో నైపుణ్యం వచ్చే దారిని మూడు దశలుగా విడదీశారు. మొదట ఏం చేయాలో బుర్రతో ఆలోచిస్తూ చేస్తారు, తర్వాత చేస్తూ సరిచేసుకుంటారు, చివరికి ఆలోచన లేకుండా అదే జరిగిపోతుంది. మొదటి దశలో ఉన్న పిల్లాడి బుర్ర అప్పటికే నిండి ఉంటుంది. అందులోకి మనం ఆరు సూచనలు తోస్తే ఒక్కటీ నిలవదు. రోజుకు ఒక్కటే చెప్పండి.

చూసి నేర్చుకోవడం గురించి సైకాలజిస్టు బండూరా నాలుగు మెట్లు చెప్పాడు: గమనించాలి, గుర్తుంచుకోవాలి, చేయగలగాలి, చేయాలనిపించాలి. మనం స్వింగ్ చేసి చూపిస్తూ అదే పనిగా మాట్లాడతాం కాబట్టి మొదటి మెట్టు దగ్గరే కాలు జారుతుంది. వినాలా, చూడాలా? మాట్లాడకుండా మూడుసార్లు చేసి చూపించండి. ఒకసారి వాళ్లు మీ ఛాతీ వైపు, ఒకసారి వీపు వైపు, ఒకసారి వికెట్ కీపర్ ఉండే చోట నిలబడి చూడాలి. తర్వాత "నా తుంటి ముందు తిరిగిందా, చేతులు ముందు వచ్చాయా?" అని అడగండి. జవాబు తప్పొస్తే మళ్లీ చూపించండి. సమాధానం మీరు చెప్పేయకండి.

నాలుగో మెట్టుకు మీకంటే వాళ్ల క్లాస్‌మేటే మేలు. నిన్నటిదాకా రానిదాన్ని ఇవాళ చేయగలుగుతున్న పిల్లను ముందు నిలబెట్టండి. "దానికొచ్చింది, నాకెందుకు రాదు" అనే పంతం ఫోన్‌లో అమెరికా మేజర్ లీగ్ వీడియో చూపిస్తే రాదు.

టీ స్టాండ్ మీద, కాస్త కాస్తగా

టీ అంటే బంతిని కదలకుండా నిలబెట్టే స్టాండ్. కొనక్కర్లేదు. నడుం ఎత్తు పీవీసీ పైపు, పడిపోకుండా కింద ఇసుక నింపిన పెయింట్ డబ్బా, పైన బ్యాట్ తగిలినా వంగేలా మెత్తటి రబ్బరు పైపు ముక్క ఉంటే చాలు. పిల్లాడి ముందు పాదానికి ఎదురుగా, నడుం ఎత్తులో బంతి పెట్టండి.

స్కిన్నర్ షేపింగ్ ఇక్కడే అక్కరకొస్తుంది. పూర్తి పని వచ్చేదాకా ఆగకుండా, దానివైపు వేసిన ప్రతి చిన్న అడుగునూ మెచ్చుకోవాలి. మొదటి రోజు బంతి తగిలితే చాలు, శభాష్. రెండో రోజు ఒట్టి తగలడానికి శభాష్ లేదు, బంతి ముందుకు పోవాలి. మూడో రోజు నేల తాకకుండా ఇన్‌ఫీల్డ్ దాటాలి. మెట్టు పెరిగినప్పుడు పాత మెట్టుకు మెచ్చుకోలు ఆపేయాలి. మనలో చాలామందిమి చేయలేనిది ఇదే. పిల్లలు చిన్నబుచ్చుకుంటారని ప్రతిదానికీ "సూపర్" అనేస్తాం. రెండు రోజుల్లో ఆ సూపర్‌కు విలువ పోతుంది.

టీ మీద ఎక్కువ రోజులు ఉంచకండి. టీని లోపలికి, మధ్యకు, బయటికి మారుస్తూ రెండు మూడు క్లాసులు చాలు. కదలని బంతిని కొట్టడంలో ఆరితేరినవాళ్లు నాకు చాలామంది తెలుసు. పిచర్ (బంతి వేసేవాడు) చెయ్యి ఎత్తగానే బిగుసుకుపోతారు.

మాటతో సరిచేయకండి, పని మార్చండి

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. 1986లో న్యూవెల్ అనే పరిశోధకుడు చెప్పిన దాని సారం: మనిషి కదలిక అతని శరీరం, చుట్టూ ఉన్న పరిస్థితి, చేయాల్సిన పని, ఈ మూడూ కలిసి పుట్టిస్తాయి. పిల్లాడి శరీరాన్ని మనం మార్చలేం. పనిని, పరిస్థితిని మాత్రం చిటికెలో మార్చవచ్చు.

చేతులు బారచాపి తలుపు తెరిచినట్టు స్వింగ్ చేసే పిల్లాడున్నాడనుకోండి. "చేతులు దగ్గర పెట్టుకో" అని వందసార్లు చెప్పొచ్చు. లేదా బ్యాట్ పిడిని వాడి పొట్టకు ఆనించి, బ్యాట్ కొన కంచెకు తగిలేంత దూరంలో నిలబెట్టి, "కంచెకు తగలకుండా ఊపు" అనొచ్చు. మొదటి రెండుసార్లు ఠంగుమంటుంది. మూడోసారి మోచెయ్యి తనంతట తానే ఒంటికి దగ్గరగా వస్తుంది. ఎలా వచ్చిందని అడిగితే చెప్పలేడు, చెప్పాల్సిన పనీ లేదు. కంచె లేకపోతే పాత దుప్పటి తాడు మీద ఆరేసినా సరిపోతుంది. ఖరీదైన బ్యాట్ మాత్రం వాడకండి.

బంతి వస్తుంటే ముందు కాలు పక్కకు లాగేసుకునేవాడికి, ఆ కాలు పారిపోయే వైపున మడమ పక్కన వాడి చెప్పే పెట్టండి. తొక్కితే ఒక మార్కు పోయినట్టు. కింద పడ్డా దెబ్బ తగలని వస్తువే పెట్టాలి, ఇటుకలు, రాళ్లు వద్దు.

ఇక వాటర్ క్యాన్ మూతల సంగతి. డొమినికన్ రిపబ్లిక్ చిన్న దేశమైనా మేజర్ లీగ్‌కు ఎందరో బ్యాటర్లను ఇచ్చింది. అక్కడి పిల్లలు వీధుల్లో విటిల్లా అనే ఆట ఆడతారు. చీపురు కర్రే బ్యాట్, పెద్ద వాటర్ క్యాన్ మూతే బంతి. ఆ మూతలకు హైదరాబాద్‌లో కొరతా? ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగినా వారానికి గుప్పెడు ఇస్తాడు. 20 లీటర్ల క్యాన్ మూతను చూపుడు వేలు, బొటనవేలి మధ్య పట్టుకుని పళ్లెం విసిరినట్టు పది అడుగులు వేసినంత దూరం నుంచి విసరండి. సగం దూరం తిన్నగా వస్తుంది, తర్వాత ఒక పక్కకు ఒరిగి దబ్బున కిందికి దిగుతుంది. మాప్ కర్రతో దాన్ని తాకాలంటే చూపు చివరిదాకా దాని వెంటే ఉండాలి, చేతులు తొందరపడకూడదు. కర్ర జారకుండా పిడికి పాత సైకిల్ ట్యూబ్ చుట్టండి. మూత తేలికే అయినా అంచు కంటికి తగలొచ్చు, కాబట్టి విసిరేవాళ్లకూ కొట్టేవాళ్లకూ కళ్లకు రక్షణ అద్దాలు ఉండాలి. క్రికెట్ బ్యాట్ వెడల్పు 4.25 అంగుళాల దాకా ఉండొచ్చు, ముఖం బల్లపరుపు. బేస్‌బాల్ ప్రొఫెషనల్ బ్యాట్ లావు 2.61 అంగుళాలు మించకూడదు, పైగా గుండ్రం. నెల రోజులు మూతలు కొట్టిన పిల్లలకు ఆ గుండ్రటి బ్యాటే వెడల్పుగా కనిపిస్తుంది.

భయం గురించి విడిగా

ఒకసారి గట్టి బంతి డొక్కలో తగిలితే ఆ తర్వాత పిచర్ చెయ్యి లేవగానే ఒళ్లు వెనక్కి పోతుంది. పావ్లోవ్ కుక్కకు గంట మోగితే లాలాజలం ఊరినట్టే ఇదీ. పిల్లాడు కావాలని చేసేది కాదు. "భయపడకు" అంటే పోదు. పిరికివాడంటే అసలే పోదు.

పిచర్ చెయ్యి లేవడం, దెబ్బ తగలకపోవడం, ఈ రెండూ జంటగా చాలాసార్లు జరగాలి. స్పాంజి బంతితో మొదలుపెట్టి, టెన్నిస్ బంతికి, ఆ తర్వాతే అసలు బంతికి రండి. బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములుంటుంది, క్రికెట్ బంతి కంటే కాస్త తేలికే. అది ముందే చేతికిచ్చి తూచుకోనివ్వండి. ఒంటి మీదకు వచ్చే బంతికి వీపు తిప్పి, తల దించి, బ్యాట్ కిందికి దించడం టెన్నిస్ బంతులతో ఆటలా నేర్పండి. ఎలా తప్పుకోవాలో తెలిసినవాడికి సగం టెన్షన్ పోతుంది. బ్యాట్ పట్టుకున్న ప్రతివాడికీ హెల్మెట్ ఉండాలి, ఖాళీగా ఊపుతున్నా సరే.

బంతులు కలిపేయండి

నా శుక్రవారం తప్పుకు మందు ఇది. 1994లో హాల్, డొమింగెస్, కవాజోస్ అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్ల మీద ఒక ప్రయోగం చేశారు. రెండు గుంపులకు ఆరు వారాలు, వారానికి రెండు రోజులు, రోజుకు 45 అదనపు బంతులు: 15 ఫాస్ట్‌బాల్ (వేగమైనవి), 15 కర్వ్‌బాల్ (వంపు తిరిగేవి), 15 చేంజప్ (వేగంగా కనిపించి మెల్లగా వచ్చేవి). ఒక గుంపుకు రకం తర్వాత రకం వరసగా వేశారు, ఇంకో గుంపుకు ఏది వస్తుందో తెలియకుండా కలిపి వేశారు. చివర్లో పెట్టిన పరీక్షలో కలిపి ఆడినవాళ్లే ముందున్నారు. బంతుల సంఖ్య ఒకటే, మారింది వరస మాత్రమే.

ఎందుకంటే, ఒకే బంతి పదిసార్లు వస్తే రెండోసారి నుంచి ఆలోచించే పని లేదు. కలిపి వస్తే ప్రతి బంతికీ కొత్తగా చూసి, కొత్తగా నిర్ణయించుకోవాలి. మ్యాచ్‌లో ఉండేది అదే కదా. పిల్లల బేస్‌బాల్ లీగ్ అయిన లిటిల్ లీగ్‌లో 12 ఏళ్లలోపు పిల్లలకు పిచర్ 46 అడుగుల దూరంలో ఉంటాడు. గంటకు 80 కిలోమీటర్ల బంతి అంత దూరం రావడానికి సెకనులో మూడింట రెండు వంతులు కూడా పట్టదు.

మీరు చేయాల్సింది: ముందు వల అడ్డం పెట్టుకుని, 15 అడుగుల నుంచి కింది చేత్తో వేయండి. వేగంగా ఒకటి, మెల్లగా ఒకటి, పైకి, కిందికి, అసలు కొట్టకూడనిది ఒకటి. కొట్టకూడని బంతిని వదిలేస్తే కొట్టినదానితో సమానంగా మార్కు ఇవ్వండి. క్రికెట్ పిల్లలకు ఆఫ్ స్టంప్ బయటి బంతి వదలడం తెలుసు, ఆ పోలికే చెప్పండి. టెన్నిస్ బంతుల మీద స్కెచ్ పెన్నుతో కొన్నిటికి ఎర్ర, కొన్నిటికి నల్ల చుక్కలు పెట్టి, ఎర్ర చుక్క వస్తేనే కొట్టమంటే ఇంకా మంచిది.

ముందే హెచ్చరిస్తున్నా: కలపడం మొదలుపెట్టిన రోజు పిల్లలు ఘోరంగా ఆడతారు. గేటు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులు "పోయిన వారమే బాగుండె కదా సార్" అంటారు. ఆ మాటకు లొంగి పాత పద్ధతికి పోకండి. పదింటికి సగమైనా తగలనివాళ్లకు మాత్రం తేడా తగ్గించండి, మెల్లటి బంతులు రెండు రకాలే కలపండి. పిల్లాడు ఒంటరిగా చేయలేనిది, కాస్త చేయూత ఇస్తే చేయగలిగేది ఎక్కడుందో అక్కడ పని చేయమని వైగోట్‌స్కీ చెప్పింది దీన్నే.

ఏం చెప్పాలి, ఎప్పుడు ఆపాలి

"బంతి మీదే కన్ను పెట్టు" అని అందరం అంటాం. 1984లో బాహిల్, లారిట్జ్ కొలిచి చూస్తే, ప్రొఫెషనల్ ఆటగాడి చూపు కూడా ఆఖరి కొన్ని అడుగుల్లో బంతిని అందుకోలేకపోయింది. కాబట్టి పిల్లలకు చూపు ఎక్కడ మొదలవ్వాలో చెప్పండి: ముందు పిచర్ టోపీ చూడు, చెయ్యి పైకి వచ్చేసరికి చూపు బంతి విడిచే చోటికి మార్చు.

ఒంటి గురించి కాకుండా బయటి ఫలితం గురించి చెబితే కదలిక బాగుంటుందని పరిశోధకురాలు గాబ్రియెలే వుల్ఫ్ 1990ల చివరి నుంచి చూపిస్తూ వచ్చింది. అనుభవమున్న బేస్‌బాల్ బ్యాటర్లలో చేతుల మీద ధ్యాస పెట్టినప్పటి కంటే బంతి వెళ్లే దారి మీద పెట్టినప్పుడే ఆట మెరుగని కాస్టనెడా, గ్రే 2007లో చూశారు. కాబట్టి "మోచెయ్యి ఎత్తు" బదులు "ఆ వేపచెట్టు మొదలుకు కొట్టు" అనండి. "తుంటి తిప్పు" బదులు "బెల్టు బకిల్‌ను పిచర్‌కు చూపించు" అనండి.

ప్రతి బంతికీ తీర్పు చెప్పకండి. ప్రతిసారీ చెబితే పిల్లాడు తన చేతులకు తెలిసింది వినడం మానేసి మీ నోటి కోసం చూస్తాడు. మా పిల్లాడికి శనివారం జరిగింది అదే. ఐదు బంతులు ఆగండి, తర్వాత అడగండి: "ఏ బంతి బాగా తగిలింది? ఎక్కడ తగిలింది?" వాడు చెప్పింది నిజమైతే ఊరుకోండి.

స్థలం, టైమ్

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ఆదివారం పొద్దున చూసినవాళ్లకు తెలుసు, ఒక మ్యాచ్ ఫీల్డర్ ఇంకో మ్యాచ్ బౌలర్ పక్కనే నిలబడి ఉంటాడు. అలాంటి చోట అసలు బంతితో బ్యాటింగ్ వద్దు. టీ, కంచె, మూతలు, కింది చేతి బంతులు, ఇలా నాలుగు చోట్ల పిల్లల్ని పంచి పది నిమిషాలకోసారి తిప్పండి, వరసలో నిలబడే టైమ్ తగ్గుతుంది. మూడు గంటలు ఒకేరోజు కంటే వారంలో నాలుగు రోజులు 45 నిమిషాలు మేలు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పొద్దున ఆరున్నరకు పిలవండి, ఎనిమిది దాటితే ఎండకు పిల్లలు నిలవరు.

శనివారం మొదటి పది బంతులు

ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి శనివారం వార్మప్‌లో ఒంటికి కావాల్సింది చేయించండి కానీ బ్యాటింగ్ ప్రాక్టీసు ఇవ్వకుండా, ఏ సూచనా లేకుండా, కలిపి వేసిన పది బంతులు. వేసేది మీరు కాకుండా వేరే ఎవరైనా అయితే ఇంకా మంచిది. మూడు లెక్కలు రాయండి: కొట్టాల్సినవాటిలో ఎన్ని గట్టిగా తగిలాయి, వదలాల్సినవాటిలో ఎన్ని వదిలాడు, ఎన్నిటికి కాలు పక్కకు పోయింది. వారం మధ్యలో ప్రాక్టీసులో ఎంత బాగా కొట్టాడన్నది ఈ నోట్‌బుక్‌లోకి ఎక్కకూడదు.

మూడు శనివారాలు వరసగా లెక్క కదలకపోతే పిల్లాణ్ని తిట్టకండి, ఆ వారం మీరు పెట్టిన పనిని మార్చండి. మా స్ట్రైకౌట్ పిల్లాడికి మొదటి శనివారం పదిలో రెండు తగిలాయి. పేజీ చూసి "సార్, శుక్రవారం కొడితే రాయొచ్చు కదా" అన్నాడు. కుదరదన్నా. ఐదో శనివారం ఐదు తగిలాయి. ఆరో బంతి నేలబారుగా వస్తే బ్యాట్ కదపకుండా వదిలేసి, వెనక్కి తిరిగి, వదిలిన మార్కు కూడా రాశానా లేదా అని నా పెన్ను వైపు చూశాడు.